ఉగ్గుగిన్నెతో ఒకరోజు

ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు సైదులు పంపు స్టవ్ వెలిగించి రాగిజావ పెట్టాడు. సూర్యాపేటలో మా క్లినిక్ వెనక గదిలో, అచ్చులు పోసే బల్ల పక్కనే ఆ స్టవ్ ఉండేది. ఆ రోజు జావ తాగవలసింది చిలుకూరు నుంచి రాబోతున్న ఒక టీచర్. ఎనిమిదింటికి ఆమె వస్తే పై పళ్ళను, కింది పళ్ళను కలిపి రబ్బర్లతో కట్టేసి, సాయంత్రం అయిదింటి దాకా అలాగే ఉంచాలి. ఆకలయితే ఉగ్గుగిన్నెతో జావో, మజ్జిగో, పప్పుకట్టో తాగాలి. అలా ఉండగలిగితే పదిహేను రోజుల తర్వాత హైదరాబాదులో ఆమె దవడలకు ఆపరేషన్. ఉండలేకపోతే ఆపరేషన్ లేదు.

ఈ పద్ధతి నేను చదివిన పుస్తకాల్లో లేదు. సైదులు పెట్టిన పద్ధతి అది.

సైదులు పోయి ఏడు నెలలయింది. ఈమధ్య ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చిన ఒకరిద్దరు, మీ రోజుల్లో ఈ కేసులు ఎలా చేసేవారు అని నన్ను అడిగారు. ఏ పరికరాలు వాడామో చెప్పవచ్చు గానీ, వాటిలో సగం ఇప్పుడు దొరకవు. అందుకని రెండు మూడు కేసుల గురించి, నా పొరపాట్ల గురించి, సైదులు గురించి రాస్తున్నాను.

పని ఏమిటంటే

నేను పళ్ళ వరస సరిచేసే డాక్టరును. ఎనభైల మధ్యలో సూర్యాపేటలో బోర్డు పెట్టాను. మంగళవారం కోదాడ, శుక్రవారం మిర్యాలగూడ వెళ్ళేవాణ్ణి. మిర్యాలగూడలో నా గది ఒక రైస్‌మిల్లు వెనక ఉండేది. కిటికీ తెరిస్తే తవుడు వచ్చి మైనం మీద పడేది. కిటికీ మూస్తే మైనం మెత్తబడేది. ఆ గదిలో పదకొండేళ్ళు పని చేశాను.

వచ్చేవాళ్ళలో ఎక్కువమంది పిల్లలు. పిల్లలకు దవడ ఇంకా పెరుగుతూ ఉంటుంది గనక దాన్ని కొంత దారిలో పెట్టవచ్చు. పద్దెనిమిది, ఇరవై దాటినవాళ్ళకు అది కుదరదు. క్లిప్పులతో పళ్ళను జరపగలం గానీ దవడను జరపలేం. కింది దవడ బాగా ముందుకు వచ్చినవాళ్ళకు, పై దవడ వెనక్కి ఉన్నవాళ్ళకు ఎముకను కోసి జరపవలసిందే. ఆ కోత హైదరాబాదులో పెద్ద సర్జన్ చేసేవారు. ఆపరేషన్ నాలుగు గంటలయితే, దానికి మనిషిని తయారు చేయడానికి ఏడాదిన్నర పట్టేది. ఆ ఏడాదిన్నర నా పని.

ఆ తయారీలో ఒక విచిత్రం ఉంది. కింది దవడ ముందుకు వచ్చిన మనిషికి, ఏళ్ళు గడిచేకొద్దీ కింది పళ్ళు లోపలికి, పై పళ్ళు బయటికి వాలుతాయి. ఉన్న తేడాను అవి కొంత కప్పుతాయి. మేము ముందు ఆ వాలు తీసి పళ్ళను నిటారుగా నిలబెడతాం. అప్పుడు దవడ ఎంత ముందుకు ఉందో పూర్తిగా బయటపడుతుంది. అంటే, బాగు చేయమని వచ్చిన ముఖాన్ని ఆపరేషన్ దాకా నెలనెలా కొంత చెడగొడతాం. అది అవసరం. కాని ఆ సంగతి ముందే చెప్పకపోతే మోసం.

నేను మొదట్లో చెప్పేవాణ్ణి కాదు.

పెద్దసారు మాట

హైదరాబాదులో ఆపరేషన్లు చేసే సర్జన్‌ను మేము పెద్దసారు అనేవాళ్ళం. నాకు చదువు చెప్పినవారు. ఆయన చేతిలాంటి చెయ్యి మళ్ళీ నేను చూడలేదు. మనిషి ఎక్కువ మాట్లాడేవారు కాదు. రోగికి ఎంత తక్కువ చెబితే అంత మంచిదని ఆయన నమ్మకం. "అన్నీ చెబితే పారిపోతారయ్యా" అనేవారు. "మనం చేసేది మంచే కదా. చేశాక వాళ్ళకే తెలుస్తుంది."

ఆయన మీద గౌరవంతో నేను ఆ మాట పట్టుకున్నాను. గౌరవం ఉన్న చోట కూడా మాటను ఒకసారి పరీక్షించి చూడాలని నాకు తెలియడానికి వెంకన్న కావలసి వచ్చాడు.

వెంకన్నది పెన్‌పహాడ్. రెండెకరాల పొలం, బోరు, మోటరు. వయసు ఇరవై నాలుగు. తయారీ అంతా బాగానే జరిగింది. ఆపరేషన్ కూడా బాగా జరిగింది. ఆ రోజుల్లో కోసిన ఎముకను తీగలతో ముడివేసి, అది అతికే దాకా పై పళ్ళకు, కింది పళ్ళకు కలిపి తీగలు బిగించేవారు. ఆరు వారాలు నోరు తెరవడానికి లేదు. వెంకన్నకు ఆ సంగతి ఒక్క వాక్యంలో చెప్పాను. "నోరు కడతారు, జావ తాగాలి" అన్నాను. అతను తలూపాడు.

ఆపరేషన్ అయ్యాక అతను నాలుగో వారంలో నా దగ్గరకు వచ్చాడు. నోట్లో తీగలు లేవు. దవడ ఒక పక్కకు ఒరిగి అతుక్కుంది.

"ఎప్పుడు తీసినవ్?" అని అడిగాను.

"ఇంటికి పోయిన ఎనిమిదో దినం సార్. జావ తాగుతుంటే దగ్గొచ్చింది. గొంతుల అడ్డం పడ్డది. నోరు తెరుద్దమంటే రాదాయె. సచ్చిపోతననుకున్న. మోటరు కాడ పట్టకారుంటే దాంతోని కత్తిరించిన."

"మరి వెంటనే రావద్దా?"

"తిడ్తరనుకున్న."

నేను నిజంగానే తిట్టబోయాను. పక్కన సైదులు ఉన్నాడు. వెంకన్న అతని వైపు తిరిగి, మెల్లగా అన్నాడు: "అన్నా, నోరు కడ్తరని చెప్పిన్రు. కట్టినంక ఎట్లుంటదో ఎవ్వరు చెప్పలే."

మళ్ళీ ఆపరేషన్ చేస్తే సరిపోతుందని చెప్పాను. అతను ఒప్పుకోలేదు. ఒప్పుకోమని అడిగే ధైర్యం నాకు కూడా ఎక్కువసేపు నిలవలేదు.

నా నోరు

సైదులు గురించి చెప్పాలి. తుంగతుర్తి దగ్గర ఊరు. హైదరాబాదులో ఒక పళ్ళ ల్యాబులో పదేళ్ళు పని చేసి, తల్లికి బాగా లేదని వెనక్కి వచ్చి నా దగ్గర చేరాడు. రోగి నోటి అచ్చు తీసి నేనిస్తే, దాంట్లో సున్నపురాయి పొడిలాంటి ప్లాస్టర్ పోసి పళ్ళ నమూనా తయారు చేసేవాడు. ఆపరేషన్ ముందు ఆ నమూనానే సన్నటి రంపంతో కోసి, సర్జన్ దవడను ఎంత జరపాలో అంత జరిపి, మైనంతో అతికించి చూపేవాడు. దాని మీద పలచటి పలక ఒకటి చేసి ఇస్తే, ఆపరేషన్‌లో ఆ పలకలో పళ్ళు కూర్చునేలా దవడను నిలిపేవారు. పలక అరమిల్లీ తప్పితే ముఖం తప్పుతుంది. ఆయన చేసిన పలక తప్పిందని నాకు ఎప్పుడూ కబురు రాలేదు.

నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. ఇరవై రెండేళ్ళు నేను ఆయనను నువ్వు అన్నాను, ఆయన నన్ను మీరు అన్నాడు. ఆ కాలంలో అది ఎవరికీ తప్పుగా కనిపించలేదు. ఇప్పుడు రాస్తుంటే కనిపిస్తోంది.

వెంకన్న వెళ్ళిపోయిన మరునాడు సైదులు అన్నాడు, "సార్, హైదరాబాద్ పంపకముందు ఒక్కరోజు గీడనే కట్టి సూద్దాం."

"ఎందుకు? భయపడి మానుకుంటారు."

"మానుకుంటే మానుకోని. పట్టకారుతోని కత్తిరించుకునుడు కంటె నయమే గద."

"ఆరు వారాలెట్లాగూ ఉండాల్సిందే. ఒక్కరోజు చూస్తే ఏం తెలుస్తది?"

"మీరు కట్టిచ్చుకున్నరా ఎప్పుడన్న?"

లేదు. నేనే కాదు, పెద్దసారూ కట్టించుకోలేదు, నాకు తెలిసిన ఏ డాక్టరూ కట్టించుకోలేదు.

తర్వాతి ఆదివారం కట్టించుకున్నాను. చట్టప్రకారం సైదులు రోగి నోట్లో చెయ్యి పెట్టకూడదు, పెట్టేవాడు కాదు. మీరు రోగి కాదు గనక తప్పు లేదని వాదించి, నమూనాల మీద వందసార్లు వేసిన తీగముళ్ళు నా పళ్ళకు వేశాడు. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం అయిదు దాకా. తన చిన్నబిడ్డకు పాలు పట్టిన ఉగ్గుగిన్నె ఇంటి నుంచి తెచ్చి కడిగి పెట్టాడు. దాని ముక్కును చెంపలోకి పెడితే, చివరి పళ్ళ వెనక ఉన్న సందులోంచి జావ లోపలికి పోతుంది. గ్లాసుతో తాగితే సగం చొక్కా మీద పడుతుంది. ఆ సంగతి ఏ పుస్తకమూ చెప్పలేదు. పసిపిల్లలను పెంచినవాడికి తెలిసింది.

ఆకలి పెద్ద కష్టం కాదు. ఉమ్మి కష్టం. ఆవులింత వస్తే సగంలో ఆగిపోతుంది, అది కష్టం. తుమ్ము వస్తుందేమోనని రోజంతా భయపడ్డాను. అన్నిటికంటే నేను ఊహించనిది ఇంకొకటి. మధ్యాహ్నం ఇంటి ఓనరు యాదగిరి నీళ్ళ మోటరు సంగతి మాట్లాడడానికి వచ్చాడు.

"ఏంది డాక్టర్ సాబ్, మౌనవ్రతమా?"

"లేదు బాపూ, సదువుకుంటుండు" అన్నాడు సైదులు.

యాదగిరి నా ఎదురుగా కూర్చుని, పొలంలో ఉన్నవాణ్ణి పిలిచినట్టు, మోటరు చెడిపోయిన సంగతి గట్టిగా అరుస్తూ చెప్పడం మొదలుపెట్టాడు. సైదులు కాసేపు ఓపిక పట్టి, "బాపూ, నోరే కట్టినం. చెవులు గాదు. జర మెల్లగ" అన్నాడు.

మాట్లాడలేని మనిషిని జనం చెవిటివాడనుకుంటారు, కాసేపటికి తెలివిలేనివాడనుకుంటారు. ఆ తర్వాత ప్రతి రోగి ఇంట్లోవాళ్ళకూ ఆ ముక్క ముందే చెప్పేవాణ్ణి. అయిదింటికి ముళ్ళు తీశాక నేను అన్న మొదటి మాట, "వెంకన్నకు క్షమాపణ చెప్పాలి." చెప్పాను కూడా. అతను నవ్వి, చాయ్ తాగి పొమ్మన్నాడు.

అప్పటి నుంచి పద్ధతి స్థిరపడింది. క్లిప్పులకు కొక్కేలు ఉంటాయి గనక రోగులకు తీగ అక్కర్లేదు, రబ్బర్లు చాలు. మెడలో దారానికి చిన్న కత్తెర. వాంతి వచ్చినా, ఊపిరి ఆడకపోయినా ఎక్కడ కత్తిరించాలో అద్దం ముందు నిలబెట్టి చేయించి చూసేవాళ్ళం. కత్తిరించుకుంటే తిట్టం, వెంటనే రండి అని చెప్పేవాళ్ళం. ఆ మాట చివరిది గానీ చిన్నది కాదు.

మిర్యాలగూడ రైస్‌మిల్లులో గుమాస్తాగా ఉన్న ఒకాయన, ముప్ఫై ఆరేళ్ళవాడు, అలా కట్టించుకుని సాయంత్రం నాలుగింటికి తనే రబ్బర్లు తీసేసి, "నాకు నా మొఖమే బాగున్నది సార్, ఇడిసిపెట్టుండ్రి" అన్నాడు. ఏడాదిన్నర శ్రమ పోయిందని నాకు కోపం వచ్చింది. సైదులు ఆయనకు టీ తెప్పించాడు. ఆ తర్వాత పదేళ్ళు ఆయన ఏడాదికోసారి పళ్ళు శుభ్రం చేయించుకోవడానికి హాయిగా వచ్చేవాడు. ఆపరేషన్ వద్దనుకోవడం కూడా సరైన ఫలితమేనని ఒప్పుకోవడానికి నాకు ఆ పదేళ్ళూ పట్టింది.

టీచర్ సుగుణ

తొంభైల మొదట్లో ఒక మంగళవారం కోదాడలో నా గదికి సుగుణ అనే టీచర్ వచ్చింది. చిలుకూరులో ప్రాథమిక పాఠశాలలో పని. ఇరవై తొమ్మిదేళ్ళు. వెంట తల్లి రాహేలమ్మ. సుగుణకు పై దవడ వెనక్కి, కింది దవడ ముందుకు. ముందు పళ్ళు ఒకదానికొకటి తగలవు. రొట్టెను చేత్తో తుంచి పక్క పళ్ళతో నమలాలి. క్లాసులో కొన్ని మాటలు స్పష్టంగా పలకవు. పిల్లలు ఆమె వెనక అలాగే పలికి నవ్వుతారు.

"పిల్లలు నవ్వితే నాకేం లేదు సార్" అందామె. "వాళ్ళు నేను పలికినట్టే నేర్చుకుంటున్నారు. అదీ బాధ."

రాహేలమ్మ ఒప్పుకోలేదు. "దేవుడిచ్చిన మొఖాన్ని కోపిచ్చుకుంటదట. ముప్ఫై ఏళ్ళు లేని నొప్పి ఇప్పుడెందుకే?"

"దేవుడు నీకు కళ్ళజోడు ఇచ్చాడా అమ్మా? కొనుక్కున్నావుగా."

రాహేలమ్మ కళ్ళజోడు సర్దుకుని నా వైపు చూసింది, నేనేదో నేర్పి పంపినట్టు.

ఈసారి నేను అన్నీ చెప్పాను. ముఖం ముందు చెడుతుందని కాగితం మీద గీసి చూపించాను. సుగుణ ఆ కాగితం మడిచి తీసుకెళ్ళింది. ఏడాదిన్నర ప్రతి నెలా వచ్చింది. దవడ బయటపడుతున్నకొద్దీ స్కూల్లో తోటి టీచర్లు, డబ్బిచ్చి మొఖం పాడుచేయించుకుంటున్నావా అని అడిగితే, ఆ కాగితం తీసి చూపించేదట.

ఆమెకు కుదిరేది ఒక్క వేసవి సెలవులే. ఏప్రిల్ చివర ఆపరేషన్ అయితే, ఆరు వారాలు నోరు కట్టుకుని, బడి తెరిచేనాటికి తిరిగి వెళ్ళగలదు. ఆ తేదీ తప్పితే మళ్ళీ ఏడాది. పెద్దసారు తేదీ ఇచ్చారు. ఏప్రిల్ రెండో వారంలో, నేను మొదట చెప్పిన ఆ ఉదయం, ఆమె తల్లితో కలిసి సూర్యాపేట వచ్చింది.

ఎనిమిదింటికి రబ్బర్లు వేశాను. ఎనిమిదీ ఇరవైకి ఆమె నుదురు తడిసింది. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. ఎనిమిదిన్నరకు కత్తెర తీసి రబ్బర్లు అన్నీ ఒక్కసారిగా కత్తిరించేసి, నోరు తెరిచి గట్టిగా గాలి పీల్చుకుంది.

"పర్వాలేదు, మళ్ళీ చూద్దాం" అన్నాను.

రెండోసారి పావుగంట. మూడోసారి అంత కూడా లేదు. ఆమె ఏడవలేదు. చేతిలో కత్తెర పట్టుకుని, తల వంచుకుని కూర్చుంది.

"నేను ముందే చెప్పిన" అంది రాహేలమ్మ.

నేను కూడా మనసులో అదే అనుకున్నాను. ధైర్యం చాలలేదు, పాపం, అనుకున్నాను. తేదీ రద్దు చేయమని పెద్దసారుకు ఉత్తరం రాయడానికి ముందు గదిలోకి వెళ్ళాను. రెండు వాక్యాలు రాశాను కూడా. ఆ ఉత్తరంలో "రోగి మానసికంగా సిద్ధంగా లేరు" అని ఉంది.

సైదులు నా వెనకే వచ్చాడు.

"సార్, ఆమెది భయం గాదు."

"మరి?"

"భయపడ్డోళ్ళు రబ్బర్ల దిక్కు చెయ్యి పెడ్తరు, తల్లి దిక్కు సూస్తరు. ఈమె పెదవులు తెరిచి, పళ్ళ సందులకెంచి గాలి గుంజుతుంది. నేను బల్ల కాడ్నుంచి సప్పుడు ఇన్న."

నేను కలం పెట్టేశాను. ఆయన నోరు చూసే చిన్న అద్దం ఒకటి తీసి, కుండ నీళ్ళలో ముంచి చల్లబరిచి, తుడిచి నా చేతికి ఇచ్చాడు. "మీరే పెట్టుండ్రి. నేను పెట్టొద్దు గద."

సుగుణను నోరు మూసుకోమని చెప్పి, అద్దాన్ని ముక్కు కింద పట్టుకున్నాను. ఎడమ ముక్కు కింద చింతగింజంత మసక పడింది. కుడి ముక్కు కింద అద్దం శుభ్రంగా ఉంది.

"కుడివైపు గాలి ఆడదా?"

"ఎప్పుడూ ఆడదు సార్. రెండో తరగతిలో ఉన్నప్పుడు బండి కాడి ముక్కుకు తగిలింది. అప్పటి నుంచీ."

"చెప్పలేదే?"

"అందరికీ అంతే అనుకున్నా. మీరు అడగలేదు."

ఏడాదిన్నర నేను ఆమె దవడను మిల్లీమీటర్లలో కొలిచాను. ఎక్స్‌రేల మీద పెన్సిలుతో గీతలు గీశాను. ఆ గీతల్లో ముక్కు కూడా ఉంది. అది ఎంత ముందుకు ఉందో కొలిచాను గానీ దాంట్లోంచి గాలి పోతుందా అని చూడలేదు. ఎప్పుడూ కొద్దిగా తెరిచి ఉండే ఆ పెదవులను దవడ లక్షణం కిందే రాసుకున్నాను. ఆమెను అలాగే పంపి ఉంటే, ఆపరేషన్ అయ్యాక వాచిన ముఖంతో, తీగలు బిగించిన నోటితో, ఆ ఒక్క సగం ముక్కుతో ఆమె ఊపిరి పీల్చుకోవలసి వచ్చేది. వెంకన్న దగ్గర పట్టకారు ఉంది. ఆమె దగ్గర ఏముండేదో నేను ఆలోచించదలచుకోలేదు.

ఉత్తరం చింపేసి జరిగింది చెప్పాను. ఈ వేసవిలో ముక్కుకు ఆపరేషన్, దవడకు వచ్చే వేసవిలో అన్నాను. సుగుణ మెడలోంచి కత్తెర తీసి బల్ల మీద పెట్టింది. తర్వాత అంది:

"ఏడాదిన్నర నుంచి నా నోట్లోకి చూస్తున్నారు. దానికి రెండు వేళ్ళ పైన ముక్కుంది సార్. కనపడలేదా?"

"కనపడలేదు" అన్నాను.

రాహేలమ్మ మాత్రం ఆ రోజు మొదటిసారి మెత్తబడింది. కూతురు పిరికిది కాదని ఆమెకు ముందే తెలుసేమో. "పోనీయే, ఇంకో ఏడాదే కదా" అంది. వండిన జావ వృథా ఎందుకని సైదులు తల్లీకూతుళ్ళకు గ్లాసుల్లో పోసి ఇచ్చాడు.

పెద్దసారుకు ఫోన్ చేసి చెబితే, "మత్తు డాక్టరు చూసుకునేవాడు కదయ్యా" అన్నారు. "ఎవరు కనిపెట్టారన్నావు?" అని అడిగారు. చెప్పాను. ఆ తర్వాత నేను ఏ రోగిని పంపినా ఆయన మొదటి ప్రశ్న ఒకటే: "మీ సైదులు కట్టించి చూశాడా?" తన అభిప్రాయం మారిందని ఆయన ఎప్పుడూ అనలేదు. కాని ప్రశ్న అడిగేవారు. ఆయన మీద నా గౌరవం అక్కడ తగ్గలేదు, పెరిగింది.

రెండో వేసవి

ముక్కు ఆపరేషన్ అయిన నెలకు సుగుణ వచ్చి, "సార్, వానకు తడిసిన మట్టికి ఇంత వాసన ఉంటుందా?" అని అడిగింది. తర్వాత పది నెలలు క్లిప్పులతోనే బడికి వెళ్ళింది.

రెండో వేసవిలో కట్టి చూసిన రోజు చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. మంచి రోజులు అలాగే ఉంటాయి. ఆమె స్కూలు నుంచి పలక తెచ్చుకుంది. పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ కూర్చుంది. పదింటికి జావ తాగి పలక మీద రాసి చూపించింది: "ఉప్పు ఎక్కువ."

"టీచరమ్మా, నోరు కట్టినా మార్కులు కోసుడు ఆపవా?" అన్నాడు సైదులు.

ఆమె తుడిచి మళ్ళీ రాసింది: "పదికి ఆరు."

"పోయినేడు గ్లాసుల తాగినప్పుడు ఎన్నిస్తివో?"

"నాలుగు."

ఒంటిగంటకు తలనొప్పి అంది. మూడింటికి తగ్గింది. రాహేలమ్మ బెంచీ మీద నిద్రపోయింది. అయిదింటికి నేను రబ్బర్లు తీయబోతే సుగుణ చెయ్యి అడ్డం పెట్టి పలక తీసింది. "చిలుకూరు దాకా ఇలాగే వెళ్తాను. బస్సులో ఎలా ఉంటుందో చూడాలి." ఆ ఆలోచన మాకు ఎన్నడూ రాలేదు. ఆ తర్వాత అది కూడా పద్ధతిలో చేరింది.

ఆపరేషన్ ఏప్రిల్ చివర జరిగింది. సైదులు చేసిన పలకలో పళ్ళు సరిగ్గా కూర్చున్నాయని పెద్దసారు ఫోన్ చేశారు. ఆరు వారాల తర్వాత నేనే తీగలు కత్తిరించాను. బడి తెరవడానికి ఇంకా వారం ఉంది. నోరు ఒక వేలు దూరేంతే తెరుచుకుంది. అందరికీ అంతే. ఆమె ముందు నాలుక కదిలించి చూసుకుని, నా వైపు కాక బల్ల వైపు తిరిగి, "అన్నా, ఇంక ఆ గిన్నె నాకొద్దు" అంది. మాట మెల్లగా వచ్చింది గానీ ప్రతి అక్షరం వినిపించింది.

శ్రావణంలో వచ్చినప్పుడు సంచిలోంచి ఒక జామకాయ తీసింది. గట్టివి అప్పుడే వద్దని మూడు నెలలుగా చెబుతున్నాం. ఆ రోజు సరే అన్నాను. ఆమె దాన్ని చాకుతో కోయలేదు, చేత్తో తుంచలేదు. ముందు పళ్ళతో కొరికింది. ముప్ఫై ఒక్కేళ్ళు దాటాక, జీవితంలో మొదటిసారి. నమలడం మరిచిపోయి, చేతిలో మిగిలిన కాయను చూస్తూ నిలబడింది.

సైదులు చెయ్యి చాపాడు. ఆమె కాయ ఇచ్చింది. ఆయన దాన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి, కొరికిన చోటును వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు. పై పళ్ళ గుర్తులు, కింది పళ్ళ గుర్తులు వరసగా, రెండిటి మధ్య సందులూ ఒకే గీతలో ఉన్నాయి.

"నడిమి గీత తప్పలే సార్" అన్నాడు. కాయ ఆమెకు తిరిగి ఇచ్చేశాడు. "ఇగ తిను టీచరమ్మా."

నేను ఈ వృత్తిలో ముప్ఫై నాలుగేళ్ళు ఉన్నాను. తృప్తిగా దిగిపోయాను. ఆ తృప్తికి కారణం ఏమిటని ఎవరైనా అడిగితే నాకు గుర్తొచ్చేది ఆ జామకాయ. సైదులు దినాలకు సుగుణ వచ్చింది. ఇప్పుడు హెడ్మాస్టరుగా చేసి రిటైరయింది. వెంకన్న కూడా వచ్చాడు, ఒక పక్కకు ఒరిగిన దవడతో. ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలియదు. పక్కపక్కనే కూర్చుని భోజనం చేశారు.

సైదులు ఇంట్లోవాళ్ళు మొదటి ఉగ్గుగిన్నెను నాకు ఇచ్చారు. ఆ చిన్నబిడ్డకే ఇప్పుడు ఒక పాప ఉంది. గిన్నె ఆ పాపకే ఉండాలన్నాను, వాళ్ళు వినలేదు. నా బల్ల మీద ఉంది.

ఇప్పుడు ఎముకలను చిన్న ప్లేట్లతో, స్క్రూలతో బిగిస్తున్నారు. మనిషి కొద్ది రోజుల్లోనే నోరు తెరిచి మాట్లాడుతున్నాడు. అది మంచి మార్పు, నాకు బెంగ లేదు. ముక్కు ఒక్కటి మాత్రం ముందే చూడండి, అద్దంతో చూసినా చాలు.

ఆపరేషన్ అయినవాళ్ళకు ఇప్పుడు ఆరు వారాలు నోరు కట్టడం లేదు. ముందుగా ఒకరోజు కట్టి చూడడం కూడా లేదు, అందుకే ముక్కు మాట చెప్పాను.